దుడుకుతనం కొలవాలంటే ముందు గది చీకటి చేయండి

‘రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోను మెలటోనిన్ తగ్గితే మనిషికి దుడుకు (ఆలోచించకుండా తొందరపడే గుణం) పెరుగుతుంది’ అని ఎవరైనా అంటే, శాంపిల్ ఎన్ని గంటలకు తీశారని అడగండి. పగటిపూట అది ఎవరికైనా దాదాపు ఉండదు. రోజూ పడుకునే వేళకు ఓ రెండు గంటల ముందు పెరగడం మొదలవుతుంది. రాత్రి ఎంత ఊరుతుందన్నది కూడా మనిషికీ మనిషికీ చాలా తేడా. అందుకే ఎంత ఉందనేదాని కంటే ఎప్పుడు మొదలైందనేదే పనికొచ్చే లెక్క.

దానికి ఉమ్మి చాలు. వారంపాటు ఒకే వేళకు పడుకుని లేవాలి. పరీక్ష రోజు నిద్రవేళకు ఐదారు గంటల ముందు నుంచి, 10 లక్స్‌లోపు (లక్స్ అంటే వెలుతురు కొలత) మసక వెలుతురులో కూర్చుని, అరగంటకోసారి దూదిచుట్ట నమిలి ట్యూబులో వేయాలి. ఉమ్మిలో మెలటోనిన్ మిల్లీలీటరుకు 3 లేదా 4 పికోగ్రాములు దాటిన క్షణమే ఆరంభం. ఇంట్లో చేస్తే చెడేదల్లా చిన్న విషయాల దగ్గరే: ట్యూబు దాచడానికి ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలి బల్బు కళ్లలో పడుతుంది. పళ్లు తోమితే చిగుళ్ల రక్తం ఉమ్మిలో కలుస్తుంది. తలనొప్పికని ఐబుప్రొఫెన్ వేసుకుంటే మెలటోనినే తగ్గుతుంది.

ఇక దుడుకు. దాన్ని కొలిచే బారట్ ప్రశ్నావళిలో 30 ప్రశ్నలు, మొత్తం మార్కులు 30 నుంచి 120. వాటిలో 11 ప్రశ్నలకు మార్కులు తిరగేసి వేయాలి. అది మరిచిపోతే నింపాదిగా ఉండేవాళ్లకూ దుడుకు మార్కులు పెరిగిపోతాయి! ఇది స్వభావాన్ని పట్టుకుంటుంది. అప్పటికప్పుడు చేతిని ఆపుకోగలరా అన్నది వేరే సంగతి, దానికి స్టాప్ సిగ్నల్ పరీక్ష ఉంది. తెర మీద బాణం కనబడగానే మీట నొక్కాలి, బీప్ వినబడితే ఆగాలి. బీప్ కోసం కాచుకుని కావాలనే నెమ్మదిగా నొక్కేవాళ్లుంటారు, వాళ్ల ఫలితం పక్కన పెట్టాల్సిందే. ఈ రెండు కొలతలూ ఒకదానితో ఒకటి పెద్దగా కలవవు. ఒక్క రాత్రి హార్మోను తెచ్చి స్వభావానికి ముడిపెట్టడం నా దృష్టిలో తొందరపాటే.

రాత్రి పొద్దుపోయాక గానీ పడుకోనివాళ్లలో దుడుకు మార్కులు ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనబడింది. అయితే ఏది ముందు? 2011లో ఆరోగ్యంగా ఉన్న 116 మందిని పరీక్షిస్తే, పడుకునే ముందు 200 లక్స్‌లోపు మామూలు గది వెలుతురే మెలటోనిన్ ఉండే సమయాన్ని గంటన్నర దాకా కుదించింది. ‘ఇంకొక్క వీడియో’ అని ఆపుకోలేనివాడు వెలుతురులోనే కూర్చుంటాడు, దాంతో అతని మెలటోనిన్ ఆలస్యమవుతుంది. ఇక్కడ దుడుకే కారణం, హార్మోను ఫలితం. దుడుకు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే మసక గదిలో కూర్చోబెట్టి కొలిస్తే తప్ప ఆ చిక్కుముడి వీడదు.