గంటసేపు సుడి తిప్పాను

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 10వ నంబరు ట్రామ్ ఎక్కి డోర్నాక్‌లో దిగాను. అక్కడి నుంచి కొండ మీదికి పదిహేను నిమిషాల నడక. మలుపు తిరగగానే గోథియానం కనబడింది, ఆంత్రోపోసఫీ అనే ఆధ్యాత్మిక ఉద్యమానికి కేంద్ర భవనం. అంతా కాంక్రీటే అయినా, ఎవరో తడిమట్టిని చేత్తో నొక్కి మలిచినట్టుంది. ఇక్కడే అంతకుముందు చెక్కతో కట్టిన భవనం 1922 డిసెంబరు 31 రాత్రి అంటుకుని కాలిపోయింది. ఆ ఉద్యమాన్ని స్థాపించిన తాత్వికుడు రుడాల్ఫ్ స్టైనర్ మళ్ళీ కొత్త నమూనా చేశాడు. 1928లో దాని తలుపులు తెరిచేనాటికి ఆయన లేడు, 1925లోనే పోయాడు.

నేను వెళ్ళింది భవనం కోసం కాదు. రసాయనాలు వాడకుండా, పొలాన్ని ఒక ప్రాణిలా చూసే బయోడైనమిక్ వ్యవసాయం గురించి ఎక్కడ చదివినా ఆవు కొమ్ము, చంద్రుడి గమనం దగ్గరే మాట ఆగిపోయేది. వాటి వెనకున్న ఆధ్యాత్మిక భావన ఏమిటో అది పాటించేవాళ్ళ దగ్గరే తెలుసుకోవాలనుకున్నాను.

తోటలో ఒకావిడ చెక్క పీపాలో నీళ్ళు తిప్పుతోంది. నేను నిలబడి చూస్తుంటే కర్ర నా చేతికిచ్చింది. నీళ్ళలో కలిపింది కొమ్ము ఎరువు. ఆవు కొమ్ములో పేడ కూరి శరత్తులో పాతిపెడతారు, వసంతంలో తవ్వి తీస్తారు. ఒక పిడికెడు చూపించింది. పేడ వాసనే లేదు, వాన పడ్డ అడవి నేల వాసన. హెక్టారుకు దాదాపు 100 గ్రాములు సరిపోతుందట. అంత కొంచెం ఎరువుగా ఏం పనిచేస్తుందని అడిగాను. "ఇది నేలకు తిండి కాదండీ, పిలుపు" అంది.

ఒకవైపు తిప్పుతూ పోతే మధ్యలో లోతుగా సుడి ఏర్పడుతుంది. అప్పుడు చటుక్కున రెండోవైపు తిప్పాలి. నీళ్ళు చెదిరి, నురగ లేచి, మళ్ళీ కొత్త సుడి కుదురుకుంటుంది. ఇలా గంటసేపు. పావుగంటకే నా భుజాలు లాగేశాయి. మెషీన్‌తో తిప్పేవాళ్ళు చాలామందే ఉన్నారట, ఆమె మాత్రం చేత్తోనే తిప్పుతుంది. ఈ గంటంతా ఈ నేల గురించి తప్ప ఇంకేమీ తలచుకోనని చెప్పింది. నాకు అసలు విషయం అక్కడ అందింది.

1924 జూన్‌లో కోబెర్‌విట్జ్ ఎస్టేట్‌లో స్టైనర్ రైతులకు ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. విత్తనాల సత్తువ తగ్గిపోతోందని, పశువులు నీరసిస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటే పుట్టిన ఉపన్యాసాలవి. బయోడైనమిక్ సేద్యానికి మూలం అవే. పొలం ఒక సజీవ వ్యక్తి లాంటిదన్నాడాయన. నేల, పశువు, మొక్క, మనిషి దాని అవయవాలు. మొక్క భూమికీ ఆకాశానికీ మధ్య నిలబడి రెండింటినీ అందుకుంటుంది. చలికాలంలో భూమి లోలోపల మేలుకుని ఉంటుందని ఆయన నమ్మకం, కొమ్మును అప్పుడు పాతిపెట్టేది అందుకే.

అంతకంటే నన్ను కదిలించింది ఇంకొకటి. ఇంత బోధ విన్నా మనుషుల్లో ఆత్మబలం ఎందుకు పనిచేయడం లేదని ఆయన శిష్యుడు ఎరెన్‌ఫ్రీడ్ ఫైఫర్ అడిగితే, అది తిండి సమస్య అన్నాడట స్టైనర్. తినే తిండిలో సత్తువ లేకపోతే మంచి తలంపు చేతల్లోకి దిగదని నాకర్థమైంది. అంటే ఆయన దృష్టిలో సేద్యం ఆత్మసాధనకు పునాది.

గ్రహాల శక్తుల గురించి చెప్పినవన్నీ నేను నమ్మలేను, వాటిని కొలిచి చూపిన విజ్ఞానం లేదు. ఆయన కూడా ముందు పొలాల్లో ప్రయోగించి చూడమని రైతుల బృందానికే అప్పగించాడు. అయితే ఇలా ఒక గంటసేపు తన నేలను మనసులో నిలుపుకునే రైతు, ఆ నేల మీద విషం చల్లడానికి చెయ్యి ఎత్తలేడు. ఇది మాత్రం నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

గంట అయ్యేసరికి పొద్దు వాలింది. ఆమె ఒక బకెట్, చీపురు లాంటి బ్రష్ నా చేతికిచ్చింది. ముంచి విదిలిస్తే పెద్ద పెద్ద చుక్కలు గడ్డి మీద పడ్డాయి. వరస చివరికి వచ్చి బకెట్ అడుగున మిగిలిన నీళ్ళు ఏం చేయాలని అడిగాను. ఆపిల్ చెట్టు మొదలు వైపు చూపించింది.