సంగతి పట్టుబడాలంటే చెయ్యి కీబోర్డు మీద ఉండాలి

విజయనగరంలో ఫిడేలు నేర్చుకునే పిల్లలు ఇప్పుడు మాస్టారి దగ్గర కూర్చున్నంతసేపూ ఇంట్లో యూట్యూబ్ ముందు కూడా కూర్చుంటున్నారు. అది తప్పని నేననను. 1919లో మన ఊళ్ళో సంగీత పాఠశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పంతులు, అప్పటి పిల్లలు వాళ్ళ ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారు, మనకి నాయుడు గారి వాయిద్యం వినాలంటే పాత రికార్డింగులే దిక్కు. నా బాధల్లా ఏంటంటే చాలామంది ఆ రికార్డింగుని సినిమా చూసినట్టు మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి వినేసి, విన్నాం కదా అని లేచిపోతున్నారు. అలా వింటే రాగం తెలుస్తుందేమో గానీ సంగతి, అంటే పాటలో ఒకే వరసని కొంచెం కొంచెం మార్చి పలికించే తీరు, చేతికి రాదు.

ఒక్కో ముక్కనీ ఆపి, వెనక్కి వెళ్ళి, పదే పదే వినాలి. ఫోన్లో వేలితో వెనక్కి లాగడం వల్ల అయ్యే పని కాదిది. లాగిన ప్రతిసారీ వేరే చోట ఆగుతుంది, ఈలోగా కమాను (ఫిడేలు తీగల మీద లాగే కర్ర) కింద పెట్టాలి, మళ్ళీ తియ్యాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే దాన్ని పక్కన స్టూలు మీద పెట్టుకోండి, మౌస్ కూడా అక్కర్లేదు.

యూట్యూబ్‌లో ఆపడానికి అందరూ స్పేస్‌బార్ కొడతారు, నేను మాత్రం 'కె' కొట్టమంటాను. స్పేస్‌బార్‌తో చిక్కేంటంటే, అంతకుముందు మీరు వేరే బటన్ ఏదైనా నొక్కి ఉంటే అది ఆ బటన్‌కే పనిచేస్తుంది, ఒక్కోసారి పేజీ కిందికి జారిపోతుంది కూడా. 'కె' అలా కాదు, కొట్టగానే ఆగుతుంది, మళ్ళీ కొడితే మొదలవుతుంది. దానికి ఎడమ పక్కనే ఉన్న 'జె' పది సెకన్లు వెనక్కి, కుడి పక్కనున్న 'ఎల్' పది సెకన్లు ముందుకి. బాణం గుర్తులున్న కీలైతే ఐదేసి సెకన్లు. పల్లవిలో ఒక సంగతి పట్టుకోవడానికి ఎడమ బాణం ఒక్కటి చాలు: వినడం, ఆపడం, వాయించడం, ఐదు సెకన్లు వెనక్కి వెళ్ళడం, మళ్ళీ వినడం. చెయ్యి అలవాటు పడ్డాక కీబోర్డు వైపు చూడాల్సిన పని కూడా ఉండదు. పెద్ద కచేరీ అయితే పైన వరసలో ఉన్న అంకెలు వాడుకోవచ్చు, 5 కొడితే సరిగ్గా సగానికి వెళ్తుంది, 0 కొడితే మళ్ళీ మొదటికి.

ఇక అసలు విషయం వేగం. షిఫ్ట్ పట్టుకుని కామా కొడితే తగ్గుతుంది, ఫుల్‌స్టాప్ కొడితే పెరుగుతుంది, ఒక్కో దెబ్బకి 0.25 చొప్పున. సంగీతం నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే పెద్ద ఉపకారం ఈ ప్లేయర్లలో ఇంకోటి లేదు, ఎందుకో చెప్తాను. వెనకటికి టేప్ రికార్డర్లో క్యాసెట్ నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగిపోయేది, గొంతు బొంగురుపోయి ఆడవాళ్ళ పాట మగవాళ్ళ పాటలా వినిపించేది, దాంతో కలిపి వాయించడం కుదిరేది కాదు. ఇప్పుడు బ్రౌజర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, శ్రుతి మారకుండా కాలం మాత్రం సాగదీస్తుంది. అందుకని వేగం ఎంత తగ్గించినా మీ శ్రుతి పెట్టె మార్చక్కర్లేదు. కానీ మరీ 0.5కి దిగొద్దు! అక్కడ గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) గమకంలా ఉండదు, ఊపులో ఉన్న స్వరం వణుకులా వినిపిస్తుంది, పిల్లలు ఆ వణుకునే నేర్చుకునే ప్రమాదం ఉంది. నా లెక్కలో 0.75 దాటి కిందికి వెళ్ళకూడదు. సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్‌కి వెళ్ళి కస్టమ్ అన్నది నొక్కితే 0.85, 0.9 లాంటివి కూడా పెట్టుకోవచ్చు. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పైకి తెచ్చుకోవాలి.

ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి ఎక్కించిన పాటల్లో శ్రుతి ఒక్కోసారి రెండు కట్టెల (హార్మోనియం మెట్ల) మధ్యలో ఎక్కడో ఉంటుంది, తిరిగిన వేగంలో చిన్న తేడా వచ్చినా అంతే. ప్లేయర్లో వేగం మార్చి దాన్ని సరిచెయ్యలేం, శ్రుతిని కదలనివ్వదు కదా. మన ఫిడేలు తీగలనే ఆ రికార్డుకి కలుపుకోవాలి.

చూసి నేర్చుకోవాల్సినవాటికి ఇంకో కిటుకు ఉంది, చాలామందికి తెలియనిది. వీడియో ఆపాక షిఫ్ట్ లేకుండా ఉత్తి ఫుల్‌స్టాప్ కొడితే ఒక్క బొమ్మ ముందుకి జరుగుతుంది, కామా కొడితే ఒక్క బొమ్మ వెనక్కి. మామూలు వీడియోలో సెకనుకి 30 బొమ్మల దాకా ఉంటాయి కాబట్టి, కమాను ఏ స్వరం దగ్గర దిశ మారుతోందో, మణికట్టు ముందు తిరుగుతోందా మోచెయ్యి కదులుతోందా అన్నది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. ఆ టైంలో శబ్దం రాదు. తప్పెటగుళ్ళు (గుండెకి తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట) నేర్చుకునే కుర్రాళ్ళకి కూడా ఇది బాగా పనికొస్తుంది, గుండె మీద దెబ్బ పడేసరికి ఏ కాలు లేచి ఉందో ఒక్కో బొమ్మా జరుపుతూ చూస్తే అడుగు తొందరగా దొరుకుతుంది.

సాయంత్రం పూట నెట్ నెమ్మదించి తెర మధ్యలో చక్రం తిరుగుతుంటే క్వాలిటీ 360పీకి దించేయండి. యూట్యూబ్ కంప్యూటర్లో బొమ్మనీ శబ్దాన్నీ మామూలుగా వేరువేరుగా పంపుతుంది కాబట్టి, బొమ్మ మసకబారినా పాటకి పెద్దగా నష్టం ఉండదు. ముందే లోడైన భాగంలో అటూ ఇటూ వెళ్తే ఆగదు, అంకెలు కొట్టి దూరం గెంతితేనే మళ్ళీ కొత్తగా తెచ్చుకోవాలి, అక్కడే చక్రం వస్తుంది. ఆటోప్లే మాత్రం తప్పకుండా ఆపేయండి. ఒక కృతి అయ్యాక చెవిలో అది కాసేపు నిలవాలి, వెంటనే ఇంకో పాట వచ్చి పడితే పిల్లలకి ఏదీ మిగలదు.

యూట్యూబ్‌లో రైట్ క్లిక్ చేసి లూప్ పెడితే మొత్తం వీడియో తిరుగుతుంది గానీ మధ్యలో ఒక్క ముక్కే తిరగాలంటే కుదరదు. మాస్టారి అనుమతితో క్లాసులో రికార్డు చేసుకున్నది ఉంటే దాన్ని కంప్యూటర్లో వీఎల్‌సీ అనే ప్లేయర్లో తెరవండి, అందులో వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ పెట్టుకుంటే ఏ నుంచి బీ దాకా అని ఒక బటన్ వస్తుంది. మొదలు దగ్గర ఒకసారి, చివర ఒకసారి నొక్కితే ఆ చరణమే తిరుగుతూ ఉంటుంది, రెండు చేతులూ ఫిడేలుకే.

ఎంత విన్నా పట్టుబడని చోటు ఒకటి ఉండనే ఉంటుంది. మాస్టారికి ఫోన్ చేసి "అదేనండీ, చివర్లో ఎక్కడో" అంటే ఆయన మాత్రం ఏం చెప్తారు? సరిగ్గా అక్కడ ఆపి, వీడియో మీద రైట్ క్లిక్ చేసి, ఇప్పుడున్న టైంతో లింక్ కాపీ చేసుకునే వీలుంది, అది వాట్సాప్‌లో పంపండి. ఆయన నొక్కగానే ఆ సంగతి దగ్గరే మొదలవుతుంది, మిగతాది మర్నాడు క్లాసులో వాయించి చూపిస్తారు.