ఆరు వారాల కట్టు
కుడి మణికట్టుకి కట్టు తీసి ఇవాళ్టికి నెల. బాత్రూంలో జారిపడ్డానంతే, ఆరు వారాలు ఆపరేషన్ థియేటర్ మొహం చూడలేదు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, సర్జరీలో ఎంఎస్ 3, ఆపైన సూపర్ స్పెషాలిటీ ఎంసీహెచ్ ఇంకో 3 అయ్యి సంపాదన మొదలయ్యేసరికే ముప్పై దాటాయి. వెంటనే ఇంటి లోను. టర్మ్ ఇన్సూరెన్స్ ఉందిగా అని ధైర్యం. నా పాలసీ నేను పోతేనే ఇస్తుంది, చెయ్యి విరిగితే కాదు. కోలుకునేదాకా వారానికింత అని ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు ఉంటాయని అప్పుడే తెలిసింది.

రాత్రిళ్లు ఈఎంఐ టెన్షన్‌తో నిద్రపట్టక, మంచం కోడుకి దారం కట్టి ఎడంచేత్తో ఆపరేషన్‌లో వేసే ముడులు వేసేవాణ్ణి. మా ఆవిడ ఏమీ అనలేదు, పక్కన కూర్చుని దారం కొస పట్టుకుంది.

పీజీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొదటి జీతం నుంచే ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టడం మొదలెట్టండి. ఆ యాక్సిడెంట్ పాలసీ కూడా తీసుకోండి.

నిన్న హెర్నియా కేసు చేశాను. చెయ్యి వణకలేదు.