చిన్న అక్షరాల్లో ఉన్నది

పనిలో భాగంగా ఒక కూరగాయల సరఫరా ఒప్పందం చదివాను. ముందు పేజీల నిండా పర్యావరణం, రైతు సంక్షేమం. చివర్లో చిన్న అక్షరాల్లో అసలు సంగతి: డబ్బులు 90 రోజులకు, ఆర్డరు ఎప్పుడైనా రద్దు. కోసిన ఆకుకూర ఎన్నాళ్లు ఆగుతుంది? నష్టమంతా పండించినవాడి నెత్తినే. చేతికి డబ్బే రానివాడు నీళ్లు పొదుపు చేసే పరికరాలు దేంతో కొంటాడు?

యూరోపియన్ యూనియన్ 2019లో దీనికే నియమం తెచ్చింది. త్వరగా పాడయ్యే సరుకుకు పెద్ద కంపెనీలు చిన్న సరఫరాదారులకు 30 రోజుల్లో చెల్లించాలి, ఆఖరి నిమిషంలో ఆర్డరు రద్దు చేయకూడదు. ప్యాకెట్ల మీద ‘పర్యావరణానికి మేలు’ లాంటి ముద్రల కన్నా నాకిదే నచ్చింది (ముద్రలు వద్దని కాదు). బయటి దేశాల నుంచి అక్కడికి అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది. పేరు బయటపెట్టొద్దని అడిగి ఫిర్యాదు చేయొచ్చు. అయినా, తెలిసిపోతే ఆర్డర్లు ఆగిపోతాయన్న టెన్షన్ ఉండనే ఉంటుంది.