వ్యాన్‌లో బండి ఎక్కిస్తున్నారా, సైడ్ స్టాండ్ వేయనివ్వకండి

సంక్రాంతి వెళ్ళాక రాజోలు నుంచి రావులపాలెం పోయే రోడ్డు మీద కాసేపు నిలబడితే టాటా ఏస్‌ల్లోనూ బొలెరోల్లోనూ బైకులు వెళ్తూ కనిపిస్తాయి. హైదరాబాదుకో, విశాఖకో, పిల్లాడి ఉద్యోగం ఉన్న ఊరికి. చాలావరకు సైడ్ స్టాండ్ మీద వాలి ఉంటాయి, సీటు మీంచి గడ్డిమోపుకి కట్టినట్టు ఒక నైలాన్ తాడు చుట్టి ఉంటుంది. చూసినప్పుడల్లా వ్యాన్ ఆపి చెప్పాలనిపిస్తుంది నాకు.

సైడ్ స్టాండ్ కదలని నేల మీద పనికొచ్చేది. వ్యాన్ వెనక సామాన్లు వేసే తొట్టిలో అలా కాదు, గొయ్యి తగిలిన ప్రతిసారీ బండి లేచి పడుతుంది, స్ప్రింగులు నొక్కుకుంటాయి, అవి నొక్కుకున్నంతసేపు తాడు వదులు, బరువంతా ఆ ఒక్క స్టాండు మీదే. బుల్లెట్ లాంటిది 190 కిలోల పైనే ఉంటుంది కదా, స్టాండు వంగనైనా వంగుతుంది, లేదా ఫ్రేముకి బిగించిన చోట పగులుతుంది. మెయిన్ స్టాండ్ వేసినా అంతే, డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే బండి ముందుకు జరిగి స్టాండు దిగిపోతుంది. అందుకని రెండు స్టాండ్లూ పైకి ఉండాలి, రెండు చక్రాలూ తొట్టి నేలకి ఆనాలి, బండి నిటారుగా నిలబడాలి. దాన్ని నిలబెట్టేది నాలుగు తాళ్ళు మాత్రమే.

ముందు ఎక్కించడం సంగతి. మన కోనసీమలో దీనికి ఒక సుఖం ఉంది, ఎటు చూసినా కాలవ గట్టే. గట్టు దిగువన వ్యాన్‌ని వెనక్కి పెట్టించి వెనక డోరు దించితే తొట్టీ గట్టూ దాదాపు ఒక ఎత్తుకి వస్తాయి, మధ్యలో మందపాటి చెక్క పలక ఒకటి చాలు. పలక జారకుండా పై చివర తాడుతో తొట్టికి కట్టండి. పంటకాలవ మీద దాటడానికి వేసుకునే కొబ్బరి దుంగ మాత్రం వద్దు, పైన గుండ్రంగా ఉంటుంది, తడిస్తే జారుతుంది. ఇంజన్ ఆపేసి ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, ఇద్దరు వెనక నుంచి తొయ్యాలి. కూర్చుని నడుపుకుంటూ ఎక్కించే కుర్రాళ్ళని ఆపండి, పలక మధ్యలో ఇంజన్ ఆగితే కాలు ఆనించడానికి కింద నేల ఉండదు.

ఇక కట్టడం. అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడకూడదు. ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకి తిన్నగా ఆనాలి, చక్రానికి అటూ ఇటూ చెక్క ముక్కలు పెట్టాలి. టాటా ఏస్ తొట్టి ఏడడుగుల మీద కొంచెమే కాబట్టి పెద్ద బండిని అందులో ఏటవాలుగా ఇరికిస్తారు, అప్పుడు రెండు పక్కల తాళ్ళూ సమానంగా లాగవు, పెద్ద బండికి బొలెరోనే మాట్లాడుకోండి. ముందు తాళ్ళు రెండూ హ్యాండిల్ కింద, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు రెంటినీ కలిపి పట్టుకునే ఇనుప దిమ్మ దగ్గర మొదలవ్వాలి. హ్యాండిల్ చివర్లకీ, అద్దాలకీ, ఇండికేటర్లకీ వద్దు. అక్కణ్ణుంచి కిందకీ, ముందుకీ, పక్కకీ ఏటవాలుగా దిగి తొట్టి కొక్కేలకి చేరాలి. ఒకరు ఫోర్కుని కిందకి నొక్కి పట్టుకుంటే ఇంకొకరు కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం బిగిస్తూ పోవాలి. ఫోర్కు సగం దాకా దిగితే చాలు, పూర్తిగా నొక్కి కట్టేస్తే ఫోర్కులో ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్ళ మీద ఒత్తిడి పడి ఆయిల్ కారే ప్రమాదం ఉంది. మా బావమరిది బండి ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు అలాగే కట్టి పంపితే, దించేసరికి ఎడమ ఫోర్కు నిండా ఆయిలే. వెనక తాళ్ళు రెండూ ఫ్రేముకో, వెనక ఫుట్‌రెస్టు బిగించిన చోటుకో వేసి కిందకీ కొంచెం వెనక్కీ లాగితే వెనక చక్రం ఎగరదు. అన్నీ బిగించాక గేరులో పెట్టండి.

తాడు విషయంలో నా మాట వినండి. కొబ్బరి తాడుకి పుట్టిల్లు మనదే అయినా దాని గరుకు పెయింటుని గీకేస్తుంది. నైలాన్ తాడు బరువుకి సాగుతుంది, వానలో తడిస్తే మరీను. మీట ఆడించి బిగించే పాలిస్టర్ రాట్చెట్ బెల్టు సాగేది తక్కువ, బిగింపు నిలుస్తుంది, లారీ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, నాలుగు కొని ఇంట్లో పెట్టుకోండి. బెల్టు పెయింటుకి తగిలే ప్రతి చోటా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి. కార్బ్యురేటర్ బండైతే ట్యాంకు కింద ఉండే పెట్రోల్ కాక్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. రైల్లో పార్శిల్ వేస్తే ఎలాగూ ట్యాంకు ఖాళీ చేయాల్సిందే.

పది, పదిహేను కిలోమీటర్లు వెళ్ళాక ఆపి మళ్ళీ బిగించాలి, ఎందుకంటే ఎంత బాగా కట్టినా మొదటి కుదుపులకి బండి సర్దుకుంటుంది. రాజోలు నుంచి నరసాపురం వైపు వెళ్ళేవాళ్ళు చించినాడ వంతెన దాటాక ఒకసారి చూసుకోండి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీదకి వ్యాన్ ఎక్కిస్తే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వ్యాన్ బాగా వాలుతుంది, అక్కడ ముందోసారి, తర్వాతోసారి. డ్రైవరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, టీ ఇప్పించి మరీ ఆపించండి, బండి మనది.

దించేటప్పుడు వెనక తాళ్ళు ముందు విప్పండి, ముందువి చివర్లో, ఆ విప్పేటప్పుడు కూడా ఒకరు బండిని పట్టుకునే ఉండాలి. పలక మీద వెనక్కి దిగుతుంటే బరువు వెనక చక్రం మీదకి పోతుంది, ఒక్క ముందు బ్రేకునే నమ్ముకుంటే చక్రం జారుతుంది. ఇంజన్ ఆపి ఉన్న బండిని ఫస్టు గేరులో పెట్టి క్లచ్ పట్టుకోండి. క్లచ్ వదిలితే వెనక చక్రం ఆగుతుంది, కొంచెం నొక్కితే కదులుతుంది, అలా అడుగడుగునా ఆపుకుంటూ దించొచ్చు.