డ్యామ్ తీసేశాక ఎల్వా లోయ

సియాటిల్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది ఒలింపిక్ నేషనల్ పార్క్ అంటే హరికేన్ రిడ్జ్, లేక్ క్రెసెంట్ చూసుకుని వచ్చేస్తారు. మేమూ అంతే. ఈ జులైలో మాత్రం ఆ పార్క్‌లోంచి పారే ఎల్వా నది కోసమే పోర్ట్ ఏంజెలెస్ వెళ్ళాం.

ఈ నది మీద రెండు డ్యాములుండేవి. దిగువన ఎల్వా డ్యామ్ 1913లో, పార్క్ లోపల గ్లైన్స్ కాన్యన్ డ్యామ్ 1927లో పూర్తయ్యాయి. చేపలు ఎగువకు పోయే దారి రెండింటికీ లేదు. సాల్మన్ చేపల మీద బతికిన ఇక్కడి ఆదివాసులు, లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్ళు, దశాబ్దాలు పోరాడారు. 1992లో చట్టం వచ్చింది, 2011లో కూల్చడం మొదలైంది, 2014కల్లా రెండూ పోయాయి. జలాశయాల అడుగున దాదాపు 800 ఎకరాల బురద, ఇసుక, కంకర తేలాయి.

వరదకు రోడ్డు తెగిపోవడంతో మ్యాడిసన్ ఫాల్స్ దగ్గరే కారు పెట్టి నడవాలి. గ్లైన్స్ కాన్యన్ డ్యామ్‌లో మిగిలిన స్పిల్‌వే మీద నిలబడి కాసేపు చూసి, పాత బోటు రేవు వైపు నుంచి ఆ డ్యామ్ వెనక ఉండిన జలాశయం, లేక్ మిల్స్, అడుగుకు దిగాం.

సన్నటి ఒండ్రు పేరుకున్న చోట ఆల్డర్, విల్లో, కాటన్‌వుడ్ చెట్లు చాలామట్టుకు వాటంతటవే మొలిచి, మనిషి దూరలేనంత గుబురుగా పెరిగాయి. నది పక్కన మెట్లలా మిగిలిన కంకర దిబ్బల మీదే అసలు కష్టం. నీరు నిలవదు, మట్టిలో సారం లేదు. ఇక్కడ పార్క్‌వాళ్ళు, తెగవాళ్ళు కలిసి ఈ లోయలోనే ఏరిన విత్తనాలు చల్లారు, నర్సరీలో పెంచిన మొక్కలు నాటారు. పోల్చి చూసుకోవడానికి కొన్ని చోట్ల కావాలనే ఏమీ నాటకుండా వదిలేశారు. ఏళ్ళ తరబడి అవే చోట్లకు వెళ్ళి ఏది బతికింది, ఏది పోయింది, ఏ కలుపు చొరబడింది అని రాసుకున్నారు. నన్ను ఎక్కువ కదిలించింది ఆ ఓపికే.

దిబ్బలను నిలబెట్టింది లూపిన్. పక్కన కూర్చుని చూశాను. అరచేయి విప్పినట్టున్న ఆకులు, పైన ఊదా పూలు, కింద నూగున్న కాయలు. ఎండిన కాయలు రెండుగా చీలి మెలి తిరిగి ఉన్నాయి, గింజలు ఎప్పుడో ఎగిరిపోయాయి. నాన్న వరి నాటే ముందు జీలుగ వేసి దున్నించేవారు. ఇదీ ఆ కుటుంబానిదే, వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టి ఉత్త కంకరకు సారం పోస్తుంది. పక్కనే పెద్ద పెద్ద దుంగలున్నాయి. వాటిని హెలికాప్టర్‌తో తెచ్చి వేశారట. పక్షులు వాటి మీద వాలి విత్తనాలు వదులుతాయి. ఎల్క్‌లు (పెద్ద జింకలు) కొరక్కుండా లేత మొక్కలకు అవే చాటు.

దిగువ జలాశయం ఖాళీ అయ్యాక, 2012లో, క్లాలమ్‌వాళ్ళు తమ జాతి పుట్టిన చోటుగా కొలిచే స్థలం బయటపడింది. శ్రీశైలం నీళ్ళు తగ్గితే మా నందికొట్కూరు వైపు సంగమేశ్వరం గుడి తేలుతుంది, జనం దర్శనానికి కదులుతారు. వరదొస్తే మళ్ళీ మునుగుతుంది. వీళ్ళ స్థలం మీదికి ఇక జలాశయం రాదు. అది తలచుకుంటే నాకు నిజంగా సంతోషమేసింది.

వెళ్ళేవాళ్ళు తాగునీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి. బూట్లకు అంటిన మట్టి దులిపి మరీ దిగండి, కలుపు విత్తనాలు అలా కూడా వస్తాయి. లూపిన్ పూలు చూడాలంటే జూన్‌లో వెళ్ళడం మేలు.