నా దేశాభిమానాన్ని నేనే తరచి చూసుకున్న తీరు: ఒక ఉపాధ్యాయురాలి అనుభవం

నల్లగొండ పట్టణంలో 2021 జనవరి 23న, నేతాజీ జయంతి నాడు, ఒక కార్యక్రమం మొదలైంది. ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ప్రధాన కూడళ్లలో మైకుల్లో జాతీయ గీతం వినిపిస్తారు. ఆ 52 సెకన్లూ ఎక్కడివారు అక్కడ ఆగిపోతారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. బడికి వెళ్లే ఆటో కోసం క్లాక్ టవర్ సెంటర్‌లో నిలబడే వేళా, ఆ గీతం వచ్చే వేళా ఒకటే కావడంతో చాలా ఉదయాలు నేనూ ఆ ఆగిన జనంలో ఉన్నాను. ఆటో డ్రైవర్ ఇంజిన్ ఆపేసి దిగుతాడు, ఆకుకూరలమ్మే ఆమె తోటకూర కట్ట చేతిలో ఉండగానే లేచి నిలబడుతుంది. నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

అలాంటి ఒక ఉదయం ఒక పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుతూ, ఎవరినీ పట్టించుకోకుండా రోడ్డు దాటి వెళ్లిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆయన మీద వచ్చిన కోపం మధ్యాహ్నం భోజనాల బెల్లు దాకా చల్లారలేదు. ఆ ఫోన్ ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో, ఎవరికి ఏమైందో నాకు తెలియదు. గీతం వింటే గొంతు పూడుకుపోవడం నాకు అర్థమవుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి మీద అంత కోపం ఎందుకు రావాలో అర్థం కాలేదు. ఈ రెండూ ఒకే చోటు నుంచి పుడుతున్నాయేమోనన్న అనుమానమే నన్ను ఈ పనికి పూనుకొనేలా చేసింది.

పద్ధతి అంటూ పెద్దగా ఏమీ లేదు. దేశం పేరిట, ప్రాంతం పేరిట నన్ను కదిలించే విషయాలను ఒక నోటుబుక్కులో రాసుకొని, ఒక్కొక్కటీ నాకు ఎవరి ద్వారా అంటింది, అది నాకు దేన్ని కనపడకుండా చేస్తోంది అని అడుగుతూ పోయాను. మొదటి ప్రశ్నకు జవాబులు సులువుగానే దొరికాయి: బడి, రేడియో, పంద్రాగస్టు నాడు పంచే చాక్లెట్లు, క్రికెట్, మా నాయిన పేపర్ చదివి వినిపించే తీరు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, అమ్మ చేతి వంట మీద ఇష్టం కూడా మనం ఎంచుకున్నది కాదు కదా. రెండో ప్రశ్న దగ్గరే పని బరువెక్కింది.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరులైన కల్నల్ సంతోష్ బాబు మా ఉమ్మడి నల్లగొండ జిల్లా సూర్యాపేట వారు. ఆ వార్త తెలిసిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. కరోనా కాలం కాబట్టి అంత్యక్రియలు టీవీలోనే చూశాం. ఆ దుఃఖం నిజమైనది, దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. అయితే ఆ దుఃఖం తర్వాతి రోజుల్లో ఏమైందో కూడా నోటుబుక్కులో రాయవలసి వచ్చింది. జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించగానే మేమంతా ఫోన్లలోంచి వాటిని తీసేసి, తీసేసినట్టు ఒకరికొకరం స్క్రీన్‌షాట్లు పంపుకొన్నాం. ఆ పంపుతున్న ఫోన్ ఏ దేశపు కంపెనీదో ఎవరమూ తిప్పి చూడలేదు. ఒక కుటుంబానికి జన్మంతా మిగిలిన లోటు వారం తిరిగేసరికి మాకు స్టేటస్ పెట్టుకొని తేలికపడే విషయంగా మారింది. ఆ పేజీలో రెండో ప్రశ్న కింద నేను రాసుకున్న జవాబు ఇదే: సైనికుడి కుటుంబం కనపడకుండా పోయింది, మేము మాకే కనపడ్డాం.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నన్ను పట్టి ఉంచింది సెప్టెంబర్ 17. హైదరాబాద్ సంస్థానం మీద భారత ప్రభుత్వం జరిపిన, పోలీసు చర్యగా మనం చెప్పుకొనే సైనిక చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న నిజాం లొంగిపోవడంతో ముగిసింది. ఆ రోజును 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగానూ, కేంద్ర ప్రభుత్వం విమోచన దినోత్సవంగానూ ఒకే హైదరాబాద్‌లో వేర్వేరు చోట్ల జరిపాయి. 2024లో రాష్ట్రంలో అదే ప్రజాపాలన దినోత్సవమైంది. విలీనం అనేవారూ, విద్రోహం అనేవారూ మా జిల్లాలో అంతకు ముందు నుంచే ఉన్నారు. బడిలో పిల్లల ప్రసంగాలు రాసిపెట్టే పని సాంఘిక శాస్త్రం వాళ్ల మీదే పడుతుంది కాబట్టి, ఎప్పటిలా పాత ప్రసంగాన్ని దులిపి ఇవ్వకుండా ఈసారి ఇంట్లోంచే మొదలుపెడదామని మా నాయనమ్మ దగ్గర కూర్చున్నాను. 1948లో ఆమెది పెళ్లీడు కూడా రాని వయసు, ఊరు సూర్యాపేట తాలూకా.

“రజాకార్లు పోయిన్రని సంబురపడ్డం బిడ్డా. మిల్ట్రోళ్లు జెండాలు వట్టుకొని వస్తే హారతులిచ్చినం. మల్ల కొన్నొద్దులకే గా మిల్ట్రోళ్లే, సంగపోళ్లకు బువ్వ వెట్టిండని మా అన్నను తీస్కపోయి కొట్టిన్రు. ఎవల్ని మొక్కాలె, ఎవల్ని తిట్టాలె?” అని ఆమె నన్నే అడిగింది. పాఠ్యపుస్తకంలో సైన్యం రావడంతో అధ్యాయం ముగుస్తుంది, మా నాయనమ్మకు ముగియలేదు. ఆమె సంగపోళ్లన్నది కమ్యూనిస్టులను. సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ విరమించింది 1951 అక్టోబర్‌లో. మధ్యలోని ఆ మూడేళ్లూ పల్లెలు సైనిక క్యాంపుల నీడలోనే ఉన్నాయి.

మా బడిలో ఉర్దూ చెప్పే సార్ కుటుంబం మూలాలు బీదర్ వైపు. ఈ మాటల మధ్య ఆయనను కూడా అడిగాను. “మా ఇంట్లో ఆ నెల సంగతి తియ్యరు మేడం. ఎవరన్నా ఎత్తితే మా దాదీ లేచి లోపలికి పోయేది” అన్నారు, అంతకు మించి చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 చివరలో సంస్థానంలోని పలు జిల్లాలు తిరిగి ఇచ్చిన నివేదిక, సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా సంస్థానంలో చనిపోయినవారి సంఖ్యను తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా కట్టింది. అందులో అధిక భాగం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోని ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. ఇటు చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లిలో రజాకార్ల చేతిలో చనిపోయినవారి స్మారకం ఉంది, విజయవాడ రోడ్డు మీద వెళ్లే వారెవరైనా చూడవచ్చు. ఒక మరణాల మీద స్తూపం నిలిచింది, ఇంకో మరణాల మీద మౌనం మిగిలింది. ఈ రెండింటినీ కలిపి చెబితే వీటిలో ఒకటి తక్కువవుతుందని భయపడేవాళ్లతో నాకు వాదన అయింది, తక్కువవుతుందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ప్రసంగంలో ఈ జ్ఞాపకాలన్నీ పెట్టాను. ప్రధానోపాధ్యాయులు ఒక పేరా తీసేయమన్నారు. వేదిక మీది ప్రసంగంలోంచి తీసేసి, తర్వాతి వారం పదో తరగతి పిల్లలకు నెమ్మదిగా, ప్రశ్నలకు సమయమిచ్చి చెప్పాను.

గర్వాలన్నీ ఇలా పట్టి చూస్తే చిరిగిపోతాయేమోనన్న బెంగ కూడా లేకపోలేదు. అందుకే మా జిల్లా వాళ్లం పండుగలా చెప్పుకొనే ఒక విషయాన్ని కావాలనే పరీక్షకు పెట్టాను. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు వచ్చాయి, నెహ్రూ కన్నా ఎక్కువ, దేశంలోనే ఎక్కువ. నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గమని, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లని తెలిసినప్పుడు ఉత్సాహం కాస్త తగ్గింది. తీరా చూస్తే నెహ్రూ నెగ్గిన అలహాబాద్ స్థానమూ ద్విసభ్యమే, ఆయనకు వచ్చినవి 2 లక్షల 33 వేల పైచిలుకు. కాబట్టి ఆ గొప్ప నిలిచింది, నిలిచినందుకు సంతోషించాను కూడా. అయితే ఇప్పుడు నాకు అందులో అంకె కన్నా ఇంకొకటి పెద్దగా కనిపిస్తుంది. కొన్ని నెలల కిందటి దాకా ప్రభుత్వ సైన్యంతో తలపడిన పల్లెలే వరుసలో నిలబడి, పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేసిన తమ మనిషిని అదే ప్రభుత్వపు పార్లమెంటుకు పంపాయి. దేశాన్ని ప్రశ్నించినవాళ్లు దేశంలోకి వచ్చిన దారి అది, హారతులిచ్చి వచ్చిన దారి కాదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం గురించి రాసుకున్నది కొద్దిగానే. సకల జనుల సమ్మెలో నేనూ ఉన్నాను, 2014 జూన్ 2న ఏడ్చాను, ఆ ఏడుపులో నాకు వంక పెట్టబుద్ధి కాలేదు. మన యాసను ఎగతాళి చేసినవాళ్ల మీద పుట్టిన రోషం, యాస మీద ప్రేమ ఒకటి కావని మాత్రం రాసుకున్నాను. రాష్ట్రం వచ్చాక రోషానికి పని తగ్గింది, పిల్లలు తరగతిలో తమ యాసలో జవాబు చెబితే ఇప్పటికీ సరిదిద్దే టీచర్లు మాత్రం తగ్గలేదు.

నోటుబుక్కులో చివరగా రాసినది మేము రోజూ బడిలో చెప్పించే ప్రతిజ్ఞ. దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్లగొండ పక్కనే, స్పెషల్ పోలీసు పన్నెండో బెటాలియన్ ఉన్న అన్నెపర్తి. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లోకి వచ్చింది. చాలా ఏళ్లు రచయిత పేరు ఎవరో తెలియకుండానే కోట్ల మంది పిల్లలు దాన్ని చెప్పారు. చెప్పించే నేను కూడా దాన్ని చేయి చాచిన పిల్లల వరుస సరిగా ఉందా లేదా అన్న ధ్యాసతోనే వినేదాన్ని. ఒక సోమవారం మర్రిగూడ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకొనే ఒక అమ్మాయి ముందు నిలబడి చెప్పిస్తోంది. నవ్వు వస్తే అరచేయి నోటికి అడ్డం పెట్టుకొనే పిల్ల. పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, ముందు పళ్ల అంచులు పొడిపొడిగా రాలినట్టు ఉంటాయి. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరునీళ్లు తరతరాలుగా తాగిన ఊళ్లు అవి. “సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణము” అని ఆ అమ్మాయి మైకులో గట్టిగా చెబుతుంటే, నాగార్జునసాగర్ గురించి నేను చెప్పే పాఠం గుర్తొచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టను రాతికట్టడాల్లో ప్రపంచంలోనే గొప్పదిగా ఎంతో గర్వంగా చెబుతాను. అది ఉన్నది ఈ అమ్మాయి జిల్లాలోనే. కాలువ మిర్యాలగూడ వైపు పారి వరి పండించింది. ఎత్తున ఉన్న ఈ ఊళ్ల నల్లాల్లోకి కృష్ణా నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. నా పాఠంలో ఆనకట్ట ఎత్తు, పొడవు, ఆయకట్టు అన్నీ ఉన్నాయి, ఈ పళ్లు లేవు.

ఆ సాయంత్రం ప్రతిజ్ఞను మొదటిసారి తీరిగ్గా చదివాను. గర్వకారణమని చెప్పిన మరుక్షణమే దానికి అర్హత పొందడానికి సర్వదా కృషి చేస్తానని ఉంది. అంటే ఆ గర్వం ఇంకా చెల్లించవలసిన బాకీలాగే నాకు వినిపించింది. చివరికి వచ్చేసరికి దేశమూ, ప్రజలూ పక్కపక్కన నిలబడతారు, ప్రజల శ్రేయోభివృద్ధులే నా ఆనందానికి మూలమని ముగుస్తుంది. చైనాతో యుద్ధం జరిగిన సంవత్సరంలో రాసినా, అందులో ఎక్కడా శత్రువు లేడు. ఒక ట్రెజరీ ఉద్యోగి ఆ వేడిలో శత్రువు పేరెత్తకుండా దేశం గురించి రాయగలిగాడన్నది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ఇప్పుడు సాగర్ పాఠంలో ఫ్లోరైడ్ కూడా చెబుతున్నాను, ఆ ఊళ్ల పిల్లల్ని వేలెత్తి చూపకుండా.

ఈ తరచి చూసుకోవడం అంతా జరిగాక మా బడిలోనే ఒక సందర్భం వచ్చింది. గీతం పాడేటప్పుడు నిటారుగా నిలబడి, పెదవి మాత్రం కదపని ఒక కుర్రవాడిని తల్లిదండ్రుల్ని పిలిపించి మందలించాలని ఒక సహోద్యోగి పట్టుబట్టారు. నేను 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చెప్పాను. గౌరవంగా నిలబడి, తమ మత విశ్వాసం వల్ల పాడని కేరళ పిల్లల్ని బడి నుంచి పంపేయడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది; ఆ తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి గారు మన తెలుగువారే. సహోద్యోగి ఒప్పుకోలేదు కానీ విషయం అక్కడితో ఆగింది. ఆ పిల్లవాడు ఎందుకు పాడడో నేను అడగలేదు.

సైన్యంలో పనిచేసి వచ్చిన మా పెద్దన్నయ్య ఈ సంగతులన్నీ విని, “ఇంత తవ్వినంక ఇగ నీకు దేశం మీద ప్రేమ మిగిలిందా చెల్లే?” అని అడిగాడు. మిగిలిందనే చెప్పాను, చెప్పి గంటసేపు వాదించుకొన్నాం. గల్వాన్ పేజీ ఆయనకు నచ్చలేదు. నాయనమ్మ మాటలు మాత్రం తానూ చిన్నప్పుడు విన్నానన్నాడు. క్రికెట్ సంగతి మాత్రం నాకు ఇంకా తేలలేదు. పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉన్న రోజు నా నోటుబుక్కు, ప్రశ్నలు, వివేకం అన్నీ బీరువాలోనే ఉంటాయి, నేను టీవీ ముందు ఉంటాను, అన్నయ్య కన్నా నేనే గట్టిగా అరుస్తాను.